గజ్జెల లెక్క

మాదిగోళ్లకు ఆట కొత్త కాదు. ఆట నేర్చుకోవడానికి నెలనెలా ఫీజు కట్టడం మాత్రం కొత్త. 1995లో నిజామాబాదులో నా బిడ్డను కూచిపూడి క్లాసులో చేర్పించిన. దానికప్పుడు ఎనిమిదేండ్లు. నేను అంగన్‌వాడీలో పనిచేసేదాన్ని.

మా అమ్మ ఒప్పుకోలేదు. "కాళ్లకు గజ్జెలు కడ్తే బిడ్డ మనకు దక్కదే" అని ఏడ్చింది. ఆ భయం ఉత్తగ పుట్టింది కాదు. మా దిక్కు మాల, మాదిగ ఇండ్ల ఆడపిల్లలను ఎల్లమ్మ పేరు చెప్పి జోగినిని చేసేటోళ్లు. జాతరల ఆడాలె, పీనుగ ముందట ఆడాలె, ఊరి పెద్దలు పిలిస్తే పోవాలె. దేవదాసీల సమర్పణను నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో 1947లోనే చట్టమొచ్చింది. నిజాం రాజ్యంలో ఉన్న మా జిల్లా దాని కిందికి రాలేదు. ఆంధ్రప్రదేశ్ చట్టం 1988లో వచ్చింది. నా బిడ్డ క్లాసులో చేరేనాటికి ఆ చట్టానికి ఏడేండ్లే. మా అమ్మ గుండెలోని భయం పోవడానికి ఏడేండ్లు ఏం సరిపోతయి?

వారానికి మూడు రోజులు క్లాసు. పగలంతా సెంటర్లో పిల్లలకు వండిపెట్టి, పొద్దుగూకినంక బిడ్డను తీసుకపోయి మెట్ల మీద కూసునేదాన్ని. అరమండిలో అడుగులేసి దాని తొడలు పట్టేసేవి. రాత్రి నూనె రాసి పిసికేదాన్ని. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడడానికి ఏడేండ్లు పట్టింది. డ్రెస్సుకు, నగలకు చిట్టీ ఎత్తిన. నేర్పే ఆమె మా ఇంటిపేరు అడిగింది. చెప్పిన తెల్లారి నుంచి బిడ్డను వెనక వరసలో నిలబెట్టింది. అయినా మానిపించలేదు. వెనక వరసలో నిలబడే అది అన్ని అడుగులూ నేర్చింది.

పరీక్షకు చరిత్ర చదవాలె. సిద్ధేంద్రయోగి, అగ్రహారం, మగవాళ్లే ఆడవేషం కట్టిన సంప్రదాయం. సత్యభామగా పేరుబడ్డ వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో పద్మశ్రీ. "అమ్మా, మునుపు ఆడోళ్లు ఆడలేదా?" అని అడిగింది నా బిడ్డ.

అప్పుడు చిందోళ్ల సంగతి చెప్పిన. వాళ్లు మా మాదిగలకు ఆశ్రిత కులం. మా వాడకట్టుకొచ్చి జాంబపురాణం ఆడేటోళ్లు. వాళ్ల ఆడోళ్లు ముఖానికి అర్దళం పూసుకొని మగవాళ్లతో సమానంగా ఆడినోళ్లే. మా జిల్లా చిందుల ఎల్లమ్మ బతుకంతా ఆడి 2005లో కన్నుమూసింది. ఆ ఆడోళ్ల పేర్లు నా బిడ్డ పరీక్ష పుస్తకంలో లేవు. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది 2024లో. ఆ పద్మశ్రీకి, ఈ పద్మశ్రీకి నడుమ 54 ఏండ్లు.

అగ్రహారంలో ఆడితే శాస్త్రమన్నరు. చిందోళ్లు ఆడితే భిక్షమన్నరు. జోగిని ఆడితే ఆమె ఒంటిని ఊరి సొమ్మన్నరు. అడుగు పడ్డ నేల ఒక్కటే, కులాన్ని బట్టి పేర్లు మూడు. డాన్సు చరిత్ర మీద పరిశోధన చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మూడింటినీ ఒక్క పుస్తకంలో రాయాలె.

నా బిడ్డ 2004లో డిప్లొమా పాసైంది. ఇప్పుడు మా వాడలో పిల్లలకు నేర్పుతున్నది. తరంగం నేర్పుతది, చిందు అడుగులూ నేర్పుతది. అక్కడ ఎవరి ఇంటిపేరూ అడగరు.