మాయాబజార్ – వీడియో ప్రతుల పాఠాంతరాలు

ప్రాచీన కావ్యానికి ఎన్ని తాళపత్ర ప్రతులుంటే అన్ని పాఠాలుంటాయి. లేఖకుడు ఒకచోట పద్యం వదిలివేస్తాడు, మరొకచోట తన పాండిత్యం చేరుస్తాడు. అందుకే సి.పి. బ్రౌను దొర ప్రతులను సేకరింపజేసి, జూలూరి అప్పయ్యశాస్త్రి వంటి పండితులచేత సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. పుణేలోని భండార్కరు ప్రాచ్య పరిశోధన సంస్థ సంస్కృత మహాభారతాన్ని ఇట్లే పరిష్కరించడానికి 1919లో పూనుకొని 1966లో ముగించింది. యంత్రం నుండి పుట్టిన చలనచిత్రానికి పాఠభేదాలేమిటని అనుకొంటాము గాని, ‘మాయాబజార్’ వీడియో ప్రతులను పక్కపక్కన పెట్టి చూస్తే తాళపత్రాల కాలమే గుర్తుకు వస్తుంది.

నిజానికి ఆ కథే ఒక పాఠాంతరం. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుని వివాహం ఉత్తరతోనే. బలరాముని కూతురి ప్రేమకథ జనం నోట పెరిగి, నాటకాలకెక్కి, 1936లో పి.వి. దాసు దర్శకత్వంలో చిత్రమైంది. విజయా వారికి కె.వి. రెడ్డి తీసిన చిత్రం 1957 మార్చి 27న విడుదలైంది. అదే ఏడు తమిళంలోనూ వచ్చింది. తెలుగులో అక్కినేని ధరించిన అభిమన్యుని పాత్రను తమిళంలో జెమినీ గణేశన్, రేలంగి ధరించిన లక్ష్మణకుమారుని పాత్రను తంగవేలు ధరించారు. ఇవి కర్తలు తెలిసి చేసిన భేదాలు. వాటితో మనకు పేచీ లేదు. చిత్రం కర్తల చేయి దాటిన తరువాత పుట్టిన భేదాలే ఇక్కడ చర్చనీయాంశం.

మొదటి భేదం సినిమా హాలులోనే పుట్టింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలకు పాత చిత్రాలు పలుమార్లు వచ్చేవి. వచ్చిన ప్రతిసారీ ఫిలిం మరికొంత అరిగి వచ్చేది. తెగినచోట ఆపరేటరు రెండు కొసలనూ కత్తిరించి అతికించేవాడు. ప్రతి అతుకుకూ కొన్ని బొమ్మలు పోయేవి. రీలు మొదట, రీలు చివర ఈ నష్టం మరీ ఎక్కువ. ఇటువంటి ప్రతినుండి వీడియో తయారైతే ఆ లోపాలన్నీ అందులో శాశ్వతంగా నిలిచిపోతాయి. మాట మధ్యలో గతుక్కుమని దృశ్యం మారిందంటే, అది కూర్పరి చమత్కారం కాదు, ఏనాటి అతుకో అయి ఉంటుంది.

రెండవది కాలభేదం. ఇది చాలామంది గమనించనిది. తెలుగు ‘మాయాబజార్’ నిడివి 184 నిమిషాలు. సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. మన దేశపు టెలివిజన్‌కు అనుసరించిన పాల్ పద్ధతి సెకనుకు 25 కోరుతుంది. మార్చేవారు సాధారణంగా చిత్రాన్ని ఆ వేగంతోనే నడిపేస్తారు. అప్పుడు ఒక్క దృశ్యమైనా తీయకుండానే 184 నిమిషాలు సుమారు 177 అవుతాయి. అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో కొన్ని బొమ్మలను మళ్ళీ చూపి లెక్క సరిపెడతారు గనుక నిడివి మారదు. కాబట్టి అక్కడి బంధువులు తెచ్చిన డిస్కు ఏడు నిమిషాలు ఎక్కువున్నంత మాత్రాన అందులో అదనపు ఘట్టాలున్నాయని సంబరపడనక్కరలేదు. అయితే వేగంతోపాటు శ్రుతి కూడా పెరుగుతుంది, అరశ్రుతికి కొంచెం తక్కువగా. ఘంటసాల పాటకు హార్మోనియం కలుపుదామంటే మెట్టు కుదరకపోవడానికి ఇదొక కారణం.

మూడవది పాత్రభేదం, అనగా చిత్రాన్ని నింపిన పాత్ర కొలతను బట్టి కలిగేది. 1980లలో మా ప్రాంతంలో టీవీ, వీసీఆరు రాత్రికి అద్దెకు తెచ్చి వీధంతా చూసేవారు. సాధారణ క్యాసెట్టు మూడు గంటలది. 177 నిమిషాల చిత్రం అందులో పట్టవలసినదే. కాని మొదట్లో నాలుగు ప్రకటనలు చేరితే పట్టదు. మిర్యాలగూడలో నేను అద్దెకు తెచ్చుకొన్న ఒక క్యాసెట్టులో కథ ముగియకముందే టేపు ముగిసింది. పిమ్మట వీసీడీలు వచ్చాయి. ఒక్కొక్క డిస్కు 74 నిమిషాలు, మహా అయితే 80. ‘మాయాబజార్’ మొత్తం పట్టాలంటే మూడు డిస్కులు కావాలి. రెండింటిలో ఇమిడించాలంటే కనీసం పదిహేడు నిమిషాలకు కత్తెర తప్పదు. కోదాడ బస్టాండులో కొన్న రెండు డిస్కుల ప్రతిలో నేను గమనించినది ఇదే. కథ తెగకుండా తీయడానికి పాటలూ, పద్యాలూ సులువు గదా!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కె.వి. రెడ్డిగారు చిత్రీకరణకు ముందే ఒక్కొక్క దృశ్యానికి గడియారం పెట్టి నిడివి నిర్ణయించేవారని ప్రసిద్ధి. అంతటి లెక్కతో అల్లిన చిత్రంలో డిస్కు చాలలేదని పదిహేడు నిమిషాలు తీయడం, గణాలు చూసి వ్రాసిన పద్యంలో కాగితం చాలలేదని ఒక పాదం కొట్టివేయడమే.

నాలుగవది వర్ణభేదం. మార్కస్ బార్ట్‌లీ తన ఛాయాగ్రహణంతో నౌకావిహార గీతానికి వెన్నెల సృష్టించాడు. ఆ వెన్నెల నలుపు తెలుపుల నడుమ ఉన్న అసంఖ్యాకమైన బూడిదఛాయలలో ఉన్నది. క్యాసెట్టు నకలుకు నకలు తీసేకొద్దీ ఆ ఛాయలు చెరిగి, సున్నమూ మసీ మిగులుతాయి. వీసీడీలో నీటి తళుకులు చిన్నచిన్న చతురస్రాలవుతాయి. డీవీడీలో ఛాయలు చాలావరకు దక్కుతాయి గాని, అదీ మూలప్రతి బాగుంటేనే. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు రంగులద్ది, ధ్వనిని డీటీఎస్ పద్ధతికి మార్చి, 2010 జనవరి 30న థియేటర్లలో విడుదల చేశారు. పిల్లలు ఆనందించారు, నేనూ చూశాను. అది శ్రద్ధతో చేసిన పని. కాని అది వ్యాఖ్యానం, మూలం కాదు. శశిరేఖ చీర రంగు నిర్ణయించినవాడు బార్ట్‌లీ కాడు.

ఈ భేదాలు ఉండడం దోషం కాదు. అవి ఉన్నాయని ఏ అట్టమీదా చెప్పకపోవడమే దోషం. తాళపత్ర లేఖకుడు చివర తన పేరు, సంవత్సరం, తిథి వ్రాసి, తప్పులుంటే మన్నించమని వేడుకొనేవాడు. ఏ ప్రతినుండి తీసినది, ఎంత తీసివేసినది అన్న ఒక్క వాక్యం మాత్రం ఈ డిస్కులకు కరవైంది. నేడు అంతర్జాలంలో ఉచితంగా దొరికే ప్రతులలోనూ అనేకానికి కులగోత్రాలు తెలియవు. ఇప్పటి విద్యార్థి చేతి ఫోనులో ఏది ముందు దొరికితే అదే ‘మాయాబజార్’ అనుకొంటాడు. పోయిన పాట పోయిందనైనా అతనికి తెలియదు. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఒక్కటీ మిగలలేదని బాధపడతాము. ఉన్నదానిని కొంచెం కొంచెంగా పోగొట్టుకోవడం కంటికి కనబడదు.

కనుక నా మనవి ఇది. సూర్యాపేట జిల్లాలోనో, మిర్యాలగూడ పరిసరాలలోనో మీ అటకమీద పాత క్యాసెట్టు, డిస్కు ఉంటే పారవేసేముందు ఒక్కసారి చూడండి. మొత్తం నిడివి, ఏ పాట లేదు, ఎక్కడ గతుకు ఉన్నది, అట్టమీద ఏ సంవత్సరం ఉన్నది అన్నవి ఒక కాగితంమీద వ్రాసి అందులోనే పెట్టండి. ఆ చిత్రంలో శకుని చేత కూడా నిజం చెప్పించిన సత్యపీఠం మనకు లేదు. ప్రతులను పక్కపక్కన పెట్టి చూడడమొక్కటే మనకున్న ఉపాయం.