డెల్ మినీ 9పై మ్యాక్ ఓఎస్ టెన్ స్థాపన

డెల్ సంస్థ 2008 సెప్టెంబరులో విడుదల చేసిన ఇన్‌స్పిరాన్ మినీ 9 అను నెట్‌బుక్‌పై, ఆపిల్ సంస్థ తన లైసెన్సు ఒడంబడికచే స్వీయయంత్రములకు మాత్రమే పరిమితము చేసిన మ్యాక్ ఓఎస్ టెన్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నెలకొల్పు ప్రక్రియ. 2006లో ఆపిల్ ఇంటెల్ ప్రాసెసర్లకు మాఱుటయే దీనికి మూలకారణము. మినీ 9లోని 1.6 గిగాహెర్ట్జ్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్‌ను ఆపిల్ తన మ్యాక్‌లలో వాడకున్నను, దానితోడి జీఎంఏ 950 గ్రాఫిక్స్ 2006 నాటి మ్యాక్‌బుక్‌లోనిదే యగుటచే తెరకు సంబంధించిన చిక్కు చాలవఱకు తొలఁగినది. ఔత్సాహికులు ఈ చిన్న యంత్రమును ప్రత్యేకముగా వరించుటకు ఇది ముఖ్యహేతువని చెప్పవచ్చును.

డీవీడీ డ్రైవు లేనందున స్థాపన సాధారణముగా పెన్‌డ్రైవ్ ద్వారా జరుగును. మ్యాక్ ఓఎస్‌కు ఆధారమైన ఈఎఫ్‌ఐకి బదులు ఇందు పాత పద్ధతి బయాస్ ఉండుటచే, కెమీలియన్ వంటి బూట్‌లోడర్ ముందుగా నడిచి, ఈఎఫ్‌ఐ సేవలను అనుకరించి, పిమ్మట కెర్నల్‌ను ప్రారంభించును. ప్రింటర్ డ్రైవర్లను, అదనపు భాషల ఫైళ్లను వదలిననేగాని 8 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీలో మ్యాక్ ఓఎస్ టెన్ యొక్క లెపర్డ్ రూపాంతరము సుఖముగా ఇమడదు. తెర ఎత్తు 600 పిక్సెళ్లే యగుటచే, కొన్ని విండోల అడుగుననున్న బటన్లు కంటఁబడక, ఎంటర్ మీటను నొక్కి ముందునకు సాగవలసివచ్చును. 2009 నవంబరులో వెలువడిన మ్యాక్ ఓఎస్ టెన్ 10.6.2 అప్‌డేట్‌లోని కెర్నల్ ఆటమ్‌పై నడువకపోఁగా, అటుపిమ్మట సవరించిన కెర్నల్‌ను చేర్చుట అనివార్యమయ్యెను.