బొంబాయి తీరమున వర్తకుని విడిది

వ్యాపారార్థమై పరస్థలమునకు పోవు వర్తకుడు ఆ రాత్రి ఎచ్చట తలదాచుకొనవలెనను ప్రశ్న పూర్వకాలమున ధనముతో కంటె కులముతోను బంధుత్వముతోను ఎక్కువగా ముడివడి యుండెను. పుణ్యాత్ములు బాటల వెంబడి సత్రములు కట్టించిరి. కాని అవి ప్రధానముగా యాత్రికుని కొరకు వెలసినవి. లెక్కల పుస్తకములతో, సరకు మాదిరులతో దిగి, పది దినములపాటు బేరసారములు సాగింపవలసినవాడు స్వకులస్థుని మిద్దెనో, తన ప్రాంతమువారు నడుపు ధర్మశాలనో ఆశ్రయించుట వాడుక. చేత సొమ్మున్నంత మాత్రమున సౌఖ్యము లభించెడిది కాదు. ఈ స్థితిని మార్చిన కట్టడములలో బొంబాయి తాజ్ మహల్ హోటలును ముందుగా స్మరింపవలెను. దాని చరిత్రను కేవలము వైభవగాథగా చెప్పి ఊరకుండుట దానికి అన్యాయము చేయుటయే.

అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి, అచ్చటి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు అందకపోయిన 1861-65 సంవత్సరములలో బొంబాయి ప్రత్తి వర్తకము మున్నెన్నడు నెరుగని లాభములు గడించెను. 1869లో సూయెజ్ కాలువ తెరవబడుటతో ఐరోపా ఓడలకు ఆ రేవు మరింత చేరువయ్యెను. ఇంగ్లండులో పోతపోసిన ఇనుప చట్రమును ఓడలలో తెచ్చి, ఎస్ప్లనేడునందు నిలిపి కట్టిన వాట్సన్ హోటలు ఆ దశకపు సంతానమే. మార్క్ ట్వేన్ 1896లో బస చేసినది అందే. అదే సంవత్సరము జూలై 7వ తేదీన ల్యూమియేర్ సోదరుల చలనచిత్రములు మన దేశమున మొట్టమొదట ప్రదర్శింపబడినదియు అందే. అయినను ఆ విడిది ఐరోపావారిదిగానే యుండెను.

ఆ హోటలున జంషెడ్జీ టాటాకు ప్రవేశము నిరాకరింపబడెననియు, ఆ పరాభవమును తీర్చుకొనుటకే ఆయన తాజ్‌ను కట్టించెననియు లోకమున ఒక కథ వ్యాపించినది. నా కది పొసగదు. ఉక్కు కర్మాగారమును, జలవిద్యుత్తును, విజ్ఞానపీఠమును ఏకకాలమున తలపోయుచుండిన మనస్సునకు పగ అనునది మిక్కిలి చిన్న కారణము. 1896లో బొంబాయిపై విరుచుకుపడిన మహామారి నగరమును పాడువెట్టి, వర్తకమును కుంగదీసి, పరదేశీయులను భయపెట్టినది. తాను ప్రేమించిన ఆ పట్టణమునకు మరల కళ తెచ్చుటకే జంషెడ్జీ ఈ కార్యమునకు పూనుకొనెననుట ఆయన స్వభావమునకు తగియున్నది. 1898లో సముద్రపుటొడ్డున స్థలము సంపాదించి, రూపకల్పన సీతారామ్ ఖండేరావ్ వైద్యకును డి. ఎన్. మీర్జాకును అప్పగించెను, వైద్య మరణించిన పిమ్మట డబ్ల్యు. ఎ. చేంబర్స్ పని పూర్తిచేసెను. జంషెడ్జీ తానే ఐరోపా నగరములు తిరిగి సామగ్రి ఎన్నుకొనెను. జర్మనీ నుండి లిఫ్టులు వచ్చెను. అమెరికా నుండి పంకాలు వచ్చెను. పారిస్ నుండి ఇనుప స్తంభములు వచ్చెను.

1903 డిసెంబరు 16వ తేదీన తలుపులు తెరచినపుడు వచ్చిన అతిథులు 17 మంది. గది అద్దె దినమునకు 10 రూపాయలు. పంకాయు స్నానపుగదియు గలదానికి 13. ఆనాటి సైన్యమున సాధారణ సిపాయికి నెల జీతము 9 రూపాయలు మాత్రమేయని తలచినచో, అచ్చటి ఒక్క రాత్రి విలువ ఎంతటిదో పాఠకుడు ఊహింపగలడు. ఇది ధనవంతుల విడిదియే, సందేహము లేదు. కాని ఆ ధనవంతుడు పార్సీ యగునా, భాటియా యగునా, ఆంగ్లేయుడగునా అను ప్రశ్న ఆ గుమ్మమున లేదు. వర్తకుడు వర్తకుని ఎదుట సమాన గౌరవముతో కూర్చుండి మాటలాడుకొనుటకు ఒక చోటు ఏర్పడినది. జంషెడ్జీ మరుసటి సంవత్సరము మే నెలలోనే జర్మనీలో కన్నుమూసెను. ప్రథమ ప్రపంచయుద్ధ కాలమున ఆ సౌధము 600 పడకల ఆసుపత్రియై క్షతగాత్రులకు నీడయయ్యెను. మన హైదరాబాదుకు చెందిన సరోజినీ నాయుడు బొంబాయిలో నున్న దినములలో చిరకాలము తాజ్‌నందే గది తీసికొని నివసించెను.

తెలుగువారికి ఆ నగరముతో మరియొక బంధుత్వము కలదు. అది ఇంత వెలుగులోనికి రాలేదు. నిజాము రాజ్యమునుండి పొట్టచేత బట్టుకొని వలసపోయిన కామాఠీలు పందొమ్మిదవ శతాబ్దమున బొంబాయి కట్టడములకు రాళ్లు మోసిరి, రహదారులకు కంకర పరచిరి. కామాఠీపుర మను పేట వారి పేరనే నేటికిని నిలిచియున్నది. నగర చరిత్ర వ్రాయువారు రాజసౌధములకు పుటలు పుటలు కేటాయించి, ఈ శ్రమజీవులకు ఒక్క వాక్యముతో సరిపెట్టుట నాకు బాధాకరము.

వాట్సన్ హోటలు తరువాతి కాలమున విడిదిగా మూతబడి, దాని గదులు కార్యాలయములుగా చీలిపోయినవి. 2006 సంవత్సరపు ప్రపంచ అపాయగ్రస్త కట్టడముల జాబితాలో దాని పేరు చేరినది. తాజ్ ప్రక్కన 1973లో ఎత్తైన కొత్త మేడ యొకటి లేచినది. పాత సౌధమున నేటికిని పనిమీద వచ్చిన వర్తకులు దిగుచున్నారు.