పసిఫిక్ తీరమున ఏనుగు సీళ్లు

ప్రియ చదువరీ, మీరెన్నడైనను కాలిఫోర్నియా వెళ్లి, శాన్ సిమియన్ గ్రామము దాటి, సముద్రపుటొడ్డున ఒకటవ నెంబరు రహదారిపై ఉత్తరముగా ప్రయాణము చేసినచో, పియెడ్రాస్ బ్లాంకాస్ దీపస్తంభము చేరకముందే ఎడమప్రక్కను కార్లు వరుసగా నిలిచియుండుట చూతురు. మీరును దిగి చూడుడి. ఇసుకపై దుంగలవలె పడియున్నవి ఏనుగు సీళ్లు. మగదాని బరువు 2,000 కిలోలు దాటవచ్చును. ముక్కు తొండమువలె వ్రేలాడును. జనవరిలో వెళ్లినవారు మగవాటి పోరాటములను, అప్పుడే పుట్టిన పిల్లలను చూడగలరు. వాసన మాత్రము ఓర్చుకొనవలెను!

1990వ సంవత్సరమున ఈ ఒడ్డుకు వచ్చినవి రెండు డజన్లే. 1992లో ఇచ్చట మొదటి పిల్ల పుట్టినది. ఇప్పుడు వేలకొలది వచ్చుచున్నవి. ఇవి మిగిలిన విధము వినదగినది.

పందొమ్మిదవ శతాబ్దములో దీపములకును యంత్రములకును నూనె కావలసియుండెను. ఈ జంతువు చర్మము క్రింద క్రొవ్వు దళసరిగా నుండును. నేలమీద పరుగెత్తి తప్పించుకొనలేదు. వేటగాండ్రు ఒడ్డు వెంబడి చంపుచు, క్రొవ్వు కాచి పీపాలు నింపుకొనిపోయిరి. 1880ల నాటికి ఈ జాతి అంతరించినదనియే పండితులు తలంచిరి.

1892లో చార్లెస్ టౌన్‌సెండ్ మొదలగువారు మెక్సికోకు చెందిన గ్వాడలూపె ద్వీపములో కొన్నిటిని కనుగొనిరి. చదువరీ, వారేమి చేసిరనుకొందురు? ఏడింటిని చంపి మ్యూజియము కొరకు కొనిపోయిరి. వీరు నూనె వర్తకులు కారు, ఆ జంతువు ఎంత అరుదో ఎరిగినవారు. ఎటులైనను నశించు జాతియే గనుక చర్మములు, ఎముకలైనను దక్కవలెనని ఆనాటి పండితుల లెక్క. వారు క్రూరులని నేననను గాని, ఆ లెక్క తప్పినది.

ఏలయనగా ఏనుగు సీలు సంవత్సరములో ఎక్కువ భాగము నడిసముద్రములోనే యుండును. అన్నియు ఒక్కసారిగా ఒడ్డుకు రావు. అందుచేత కొన్ని ఎవరి కంటను పడక నీటిలో మిగిలిపోయెను. అవి నూరింటికి మించియుండవని శాస్త్రజ్ఞుల అంచనా. 1922లో మెక్సికో ప్రభుత్వము ఆ ద్వీపమునకు రక్షణ కల్పించెను. తరువాత అవి ఒక్కొక్క దీవి దాటుచు ఉత్తరమునకు వ్యాపించి, నేడు రెండు లక్షలకు పైబడినవి.

అయినను ఆనాటి గాయము మానలేదు. 1974లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఐదు తావులకు చెందిన 159 సీళ్ల రక్తమును పరీక్షింపగా, అందలి ప్రోటీనులలో ఒకదానికిని మరియొకదానికిని భేదమే కానరాలేదు. కార్లు ఆపి మనము చూచునవన్నియు ఆ కొద్దిపాటి వాటి సంతతియే. ఏదైన క్రొత్త రోగము వచ్చినచో, ఒకదానిని పడగొట్టినది తక్కినవాటినన్నిటిని పడగొట్టునేమోయని పరిశోధకుల భయము.