దేగ్‌లో ఒక్క మెతుకు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దలంటారు. వలీమాకు వండే బావర్చీని అడిగితే మాత్రం ఒప్పుకోడు. పైమెతుకు మల్లెపువ్వులా వుండి అడుగు మాడిపోయిన దేగ్‌లు ఆయన ఎన్నో చూచి వుంటాడు. కొద్దిమందిని అడిగి ఊరందరి సంగతి చెప్పే సర్వేలో చిక్కంతా ఇదే.

మన దేశంలో ఈ చిక్కును గట్టిగా పట్టించుకున్నవారు ప్రొఫెసర్ ప్రశాంత చంద్ర మహలనోబిస్ (1893–1972). కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఈయన 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి. ఆర్. రావుగారు 1941లో వెళ్లి చేరింది ఇక్కడే.

ఆ రోజుల్లో బెంగాలులో జమీందారీ వల్ల ఊరూరా పట్వారీ లేడు. ఎంత సాగయిందో చౌకీదారు చెప్పిందే లెక్క. దిగుబడి కంటిచూపుతో 'ఇన్ని అణాల పంట' అని రాసేవారు. 1937 నుండి జనపనార సర్వే చేపట్టిన మహలనోబిస్, ఏ పొలం చూడాలో పోయేవాడి ఇష్టానికి వదలలేదు. గ్రామ నక్షా మీద, చీట్లు తీసినట్లు, అంకెల ప్రకారం చోటు నిర్ణయించి పంపేవారు. వదిలేస్తే మనిషి బాట పక్క పొలమే చూస్తాడు. మోకాలిలోతు బురద దాటి పోడు. దొంగబుద్ధి కాదు, మనిషి స్వభావమే అంత.

వరి సంగతి ఇంకా విచిత్రం. పొలంలో కొంత చోటు గుర్తుపెట్టి కోసి తూచేవారు. చోటు మరీ చిన్నదైతే దిగుబడి ఎక్కువగా తేలేది! గీత మీద నిలబడిన దుబ్బును కోసేవాడు లోపలికే కలుపుకుంటాడు గాని బయటికి నెట్టడు. చోటు చిన్నదైనకొద్దీ, లోపలి భాగంతో పోలిస్తే గీతే ఎక్కువ. అట్లాంటివి వెయ్యి కోసినా పదివేలు కోసినా తప్పు పోదు, అన్నీ ఒకే వైపు మొగ్గుతాయి గదా. అందుకే చోటు పెద్దది చేయాల్సి వచ్చింది. ఒకే ప్రాంతానికి రెండు జట్లను వేరువేరుగా పంపి, రెండు లెక్కలూ పోల్చి చూడడం కూడా ఆయన పెట్టిన పద్ధతే.

1943 కరువులో బెంగాలులో లక్షలాది మంది చనిపోయారు. బతికిన కుటుంబాల గతి ఏమైందో తెలుసుకోవడానికి 1944–45లో సర్వే చేసింది ఈ సంస్థే. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలయింది. 2006లో సచార్ కమిటీ ముస్లింల చదువు, ఉద్యోగాల గురించి చెప్పినదానిలో చాలా భాగానికి ఆధారం ఆ సర్వే లెక్కలే.

మరి మన సొసైటీ లెక్క? జుమా నమాజు తరువాత మసీదు గేటు దగ్గర నిలబడి, 'మీ ఇంట్లో బడి మానిన పిల్లలున్నారా?' అని అడిగినాము. 'లేరు మాస్టర్ సాబ్' అన్నవారే ఎక్కువ. సంతోషించినాము. మగదిక్కు లేని ఇంటి నుండి ఆ గేటు దగ్గరికి ఎవరు వస్తారు? హోటల్లో కప్పులు కడిగే కుర్రవాడు ఆ వేళ ఎక్కడుంటాడు? ఈ ప్రశ్నలు మాకు తట్టేసరికి ఆ ఏడాది ఫీజుల డబ్బు పంచడం అయిపోయింది.

ఈసారి ఇళ్ల జాబితా రాసి చీట్లు తీస్తాము. రెండు జట్లు పోతాయి, రెంటిలోనూ ఆడవారు వుంటారు. తాళం వేసి వున్న ఇంటికి బదులు పక్కింటిని రాసుకోకూడదు, మళ్లీ మగ్రిబ్ తరువాత వెళ్లాలి అని నిర్ణయించినాము.