బర్గండీ: ద్రాక్ష కమతాల చరిత్ర

ఫ్రాన్స్ తూర్పు భాగంలో దిజోన్ నగరం నుంచి దక్షిణానికి సుమారు 50 కిలోమీటర్లు సాగే సన్నని కొండవాలు కోట్ డోర్. బర్గండీ వైన్ ప్రాంతానికి గుండెకాయ ఇదే. వాలు తూర్పు ముఖంగా ఉండడంతో పొద్దుటి ఎండ తోటల మీద నేరుగా పడుతుంది. ఉత్తర భాగమైన కోట్ ద న్యూయీలో దాదాపు అంతా ఎర్ర వైనే. దక్షిణాన కోట్ ద బోన్‌లో ఎరుపుతో పాటు ప్రసిద్ధమైన తెల్ల వైన్లూ తయారవుతాయి. వాయవ్యాన విడిగా ఉన్న షాబ్లీ, దక్షిణాన ఉన్న మాకోనే కూడా బర్గండీలోవే.

ఇక్కడి ఎర్ర వైన్‌కు పినో న్వార్, తెల్ల వైన్‌కు షార్డొనే ముఖ్యమైన ద్రాక్షలు. అలిగోటే, గామే కొద్దిగా పండిస్తారు. ఫ్రాన్స్‌లోని మరో వైన్ ప్రాంతమైన బోర్డోలో రకాలు కలపడం ఆనవాయితీ. ఇక్కడి మేలు వైన్లు మాత్రం సాధారణంగా ఒకే రకం పండుతో చేసినవి. అందుకే రుచిలో తేడా కనిపిస్తే దాన్ని నేలలోనే వెతుకుతారు. జురాసిక్ కాలపు సముద్రం మిగిల్చిన సున్నపురాయి, బంకమట్టి ఈ వాలులో అడుగడుక్కీ మారే పాళ్లలో ఉంటాయి. పైన మట్టి పొర పలచన, దిగువన మట్టి లోతెక్కువై నీరు నిలుస్తుంది. శ్రేష్ఠమైన తోటలు చాలావరకు నడివాలులోనే ఉన్నాయి.

రోమన్ల కాలం నుంచే ఇక్కడ ద్రాక్ష సాగు ఉంది. అయితే ఏ మడి ఎలాంటి పంటనిస్తుందో తరతరాలుగా గమనించి హద్దులు గీసిన ఘనత ముఖ్యంగా క్రైస్తవ మఠాలది. 910లో క్లూనీ మఠం, 1098లో సీతో మఠం వెలిశాయి. సీతో సన్యాసులు సుమారు 50 హెక్టార్ల క్లో ద వూజో తోట చుట్టూ కట్టించిన రాతిగోడ నేటికీ ఉంది. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ విస్తారంగా కాసే గామేను నరికేయమని ఆజ్ఞాపించాడు. అది అన్నిచోట్లా అమలు కాకపోయినా, పినో న్వార్‌కు అధికారిక ప్రాధాన్యం దక్కింది. 1443లో డ్యూకుల మంత్రి నికోలా రోలాన్ బోన్‌లో పేదల ఆసుపత్రి స్థాపించాడు. దానికి దానంగా వచ్చిన తోటల వైన్‌ను 1859 నుంచి ఏటా వేలం వేస్తున్నారు.

ఫ్రెంచి విప్లవం ఈ ప్రాంతపు రూపురేఖలే మార్చేసింది. ప్రభుత్వం మఠాల భూములను స్వాధీనం చేసుకుని అమ్మేసింది. ఆపై సంతానానికి సమాన వాటా ఇమ్మన్న నెపోలియన్ చట్టంతో కమతాలు తరం తరానికీ చీలిపోయాయి. ఒకప్పుడు ఒకే మఠానిదైన క్లో ద వూజోకు నేడు దాదాపు 80 మంది యజమానులు. కొందరికి దక్కింది కొన్ని సాళ్లే. కాబట్టి సీసా మీద తోట పేరు ఒకటే అయినా, పండించినవారెవరో చూడకుండా కొనడం తొందరపాటే.

పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా పురుగు వేళ్లను తినేసింది. దాన్ని తట్టుకునే అమెరికా తీగల వేళ్లకు స్థానిక రకాలను అంటు కట్టి తోటలను మళ్లీ నిలబెట్టారు. 1.8 హెక్టార్ల రొమానే-కోంటీ మాత్రం 1945 వరకు పాత తీగలతోనే నెట్టుకొచ్చి, వాటిని పెరికి కొత్తవి నాటాక కొన్నేళ్లు వైన్ ఇవ్వలేదు.

1930లలో ఫ్రాన్స్ తెచ్చిన మూలస్థాన చట్టాలు మఠాల కాలం నాటి పాత హద్దులకే ముద్ర వేశాయి. అట్టడుగున ప్రాంతీయ వైన్లు, వాటిపైన ఊరి పేరిటివి, ఆపై ప్రెమియే క్రూ, శిఖరాన గ్రాన్ క్రూ అనే అంతస్తులు ఏర్పడ్డాయి. బోర్డోలోని ప్రసిద్ధ 1855 వర్గీకరణ ఎస్టేట్లకు స్థాయినిస్తే, బర్గండీలో స్థాయి నేలది. ఈ చిన్న మడులను ఇక్కడ క్లిమాలంటారు. 2015లో యునెస్కో వీటిలో 1,247 క్లిమాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

హద్దులు నిలిచినా వాతావరణం మారుతోంది. బోన్‌లో 1354 నుంచి ద్రాక్ష కోతల తేదీల వివరాలు దొరుకుతున్నాయి. 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం 1988 తర్వాత కోతలు అంతకుముందు శతాబ్దాల సగటు కంటే దాదాపు 13 రోజులు ముందే మొదలవుతున్నాయి. చిగుళ్లూ త్వరగా వేస్తున్నందున వసంతపు మంచు దెబ్బ పెరిగింది. 2021 ఏప్రిల్‌లో రాత్రంతా సాళ్ల మధ్య మంటలు పెట్టినా షాబ్లీ రైతులు పంటలో చాలా భాగం నష్టపోయారు.