ష్వెరీన్: సరస్సు నడుమ కోట, ఒడ్డున తోట

ఉత్తర జర్మనీలో సరస్సు మధ్య దీవి మీద ఉన్న ష్వెరీన్ కోటను దూరం నుంచి చూస్తే, అంతా ఒకే రాజు ఒకేసారి కట్టించాడనిపిస్తుంది. నిజానికి ఆ దీవి మీద పదో శతాబ్దికే కోట ఉంది. అది ఒబోత్రీత్ అనే స్లావ్ తెగవాళ్లది. 1160లో సాక్సనీ ప్రభువు హెన్రీ దండెత్తి వస్తుంటే, శత్రువుకు దక్కనివ్వకూడదని వాళ్ల రాజు నిక్లోత్ తన కోటను తానే తగలబెట్టాడు. ఆ పోరులోనే ప్రాణాలు కోల్పోయాడు. తర్వాత ఆయన కొడుకు ప్రిబిస్లావ్ గెలిచినవాళ్లతో సంధి చేసుకొని రాజ్యంలో చాలా భాగం తిరిగి పొందాడు. ఆ వంశమే 1918 దాకా ఈ ప్రాంతాన్ని, అంటే మెక్లెన్‌బుర్గ్‌ను ఏలింది. ఇప్పుడు కోట ముఖద్వారం పైన గుర్రమెక్కి కనిపించేది నిక్లోత్ విగ్రహమే. ఓడిన పూర్వీకుణ్ణి వారసులు అంత ఎత్తున నిలబెట్టుకోవడం నన్ను కదిలించింది.

మనం చూస్తున్న రూపం 1845, 1857 మధ్య వచ్చింది. ఫ్రాన్స్‌లోని షాంబోర్ కోటను ఆదర్శంగా పెట్టుకొని వాస్తుశిల్పి డెమ్లర్ పని మొదలుపెట్టాడు. 1848 విప్లవాన్ని సమర్థించినందుకు ఆయన కొలువు పోయింది. బెర్లిన్ నుంచి వచ్చిన స్ట్యూలర్ ఆ పనిని ముందుకు నడిపాడు.

తోట కోటకన్నా ఓపికగా పెరిగింది. 18వ శతాబ్ది నడుమ ఫ్రెంచి వాస్తుశిల్పి లెజే అక్కడ శిలువ ఆకారంలో కాలువ వేయించాడు. గీత గీసినట్టు సాగే బాటలు, చెట్ల వరుసలు ఆ కాలపు అభిరుచి. ఇంతలో రాజకొలువు లుడ్విగ్స్‌లుస్ట్‌కు తరలిపోయి, 1837లో గానీ తిరిగి రాలేదు. ఆ తర్వాత పేరుమోసిన ఉద్యానశిల్పి లెన్నే వంపు బాటలతో, పచ్చిక బయళ్లతో తోటను విస్తరించాడు. అయినా పాత కాలువ జోలికి పోలేదు. కొత్త అభిరుచి వచ్చినప్పుడు పాతదాన్ని చెరిపేయకపోవడమే ఆయన గొప్పతనమని నా నమ్మకం.

1913లో అగ్నిప్రమాదం కోటలో సుమారు మూడో వంతును కాల్చేసింది. తూర్పు జర్మనీ రోజుల్లో ఇక్కడ శిశుపాఠశాలల ఉపాధ్యాయినులకు శిక్షణ ఇచ్చారు. 1990 నుంచి రాష్ట్ర శాసనసభ ఇక్కడే కొలువుదీరింది. కాలిపోయిన బంగారు మందిరం చోటనే 2017లో కొత్త సభామందిరం తెరిచారు. 2024లో యునెస్కో ఈ కోటనూ తోటలనూ చుట్టూ ఉన్న రాజనగర కట్టడాలనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వెళ్లే అవకాశం దొరికితే ముందు కాలువ వెంట నడిచి, లెన్నే బాటలు చుట్టి, ఆ తర్వాతే కోటలోకి వెళ్లండి.